రెండో సంతకం

ఏడింటికి రెండు నిమిషాలుండగా ఆమె పిట్టలు చూసే మాటుగది తలుపు నెట్టింది, అది కిర్రుమన్న చప్పుడుకి తనే తప్పు చేసినదానిలా ఆగిపోయింది. ఈ తలుపు ఇలా తీయకూడదు, కాస్త పైకెత్తి, భుజం ఆనించి, పసిపిల్ల నిద్రపోతున్న గదిలోకి వెళుతున్నట్టు తీయాలి, "అక్కా, అది తలుపు, మీ ఆఫీసు ఇనప బీరువా కాదు" అని తమ్ముడు గొణిగేవాడు, ఆ గొణుగుడు కోసం ఒక్క క్షణం చెవి ఒగ్గి నిలబడింది కూడా, తరవాత లోపలికి వచ్చి తలుపు మెల్లిగా మూసింది. అతను పోయి నాలుగు నెలలైంది. గది మాత్రం అలాగే ఉంది: తడిసిన చెక్క వాసన, ఒక పొడుగాటి బెంచీ, దాని ముందు మోచేతులు ఆనించుకునే బల్ల, బల్లకి పైన గోడ పొడుగునా కళ్ళు పట్టేంత చీలిక, చీలికకి అవతల చిత్తడి నేల, దాన్నిండా మనిషెత్తు రెల్లు, ఆ రెల్లుని పాపిట తీసినట్టు విడదీస్తూ మూరెడు వెడల్పు బురద బాట. చూడటానికి ఉన్నదంతా అంతే. ఆ బాటని ఈ వైపు నుంచి ఆ వైపుకి దాటే ఒక పిట్ట కోసం తమ్ముడు పదకొండేళ్ళ సెలవు రోజుల్ని ఈ బెంచీకి ధారపోశాడు, చివరికి చూశాడు, లేదా చూశానన్నాడు, ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఇప్పుడు ఆమె చేతిసంచిలో నాలుగు మడతల కాగితమై ఉంది. ఎనిమిదింటికి పిట్టల సంఘం నడిపే పళ్ళ డాక్టరు వచ్చి ఆ కాగితం అడుగుతాడు. ఈలోగా ఆమె దాని మీద సంతకం చేయాలి, లేదా చేయనని తేల్చుకోవాలి. చేతిలో ఒక గంట ఉంది.

కాగితం బయటికి తీయలేదు. దాని మీద ఏముందో ఆమెకి కంఠతా వచ్చు, తేదీ, వేళ, గాలి ఎటు నుంచి వీస్తోందో, నీళ్ళు ఎంత లోతున్నాయో, ఆ తరవాత అతని గుండ్రటి అక్షరాల్లో "బురద బాట దాటింది, నాలుగు సెకన్లు", కింద అతని సంతకం, దాని పక్కన ఖాళీ. పిట్ట ఎంత ఉంటుందని మొదట్లో అడిగితే, కోడిపిల్ల కన్నా పెద్ద, కోడి కన్నా చిన్న, రంగేమిటంటే రెల్లు ఏ రంగైతే ఆ రంగు అని చెప్పాడు, ఇదేం వర్ణనరా, దీంతో తప్పిపోయిన పిల్లాణ్ణి కూడా వెతకలేం అంటే, అందుకేగా వెతుకుతున్నది అన్నాడు. గొంతు మాత్రం ఒకసారి వింటే మరిచిపోయేది కాదు, దువ్వెన పళ్ళ మీద గోటితో రెండు గీతలు గీసినట్టు, ఒక ఊపిరి ఆగి మళ్ళీ రెండు గీతలు. ఆ గొంతు వినని వాళ్ళు పిట్టలు చూసే సంఘంలో లేరు, పిట్టని చూసినవాళ్ళు ముగ్గురే. అందుకని దాని అసలు పేరు మానేసి అందరూ "అద్దెకున్నాయన" అంటారు, లోపల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, తలుపు కొడితే మాత్రం ఇంట్లో ఉండడు. సంఘం పుస్తకంలో ప్రతి పిట్టకీ రెండు గడులు, విన్నది ఒకటి, చూసింది ఒకటి, అయితే అద్దెకున్నాయన విషయంలో మాత్రం చూసింది అని రాయాలంటే పక్కనున్న మరో మనిషి కూడా చూసి సంతకం పెట్టాలి, ఎందుకంటే ఆశపడ్డ కంటికి మామూలు నీటికోడి కూడా ఆయనలాగే కనిపిస్తుంది. ఈ నిబంధన పెట్టింది పళ్ళ డాక్టరే, పుస్తకం ఉండేదీ ఆయన దగ్గరే. ముప్పై ఏళ్ళ పుస్తకాన్ని ఈ ఏడు అచ్చు వేస్తున్నారు, ఇవాళ తొమ్మిదింటికి ప్రెస్సుకి పోతుంది, తమ్ముడి పేరు పక్కన రెండో సంతకం లేదు, ఆ రోజు అతని పక్కనున్న మనిషి ఒక్కతే, ఆమె.

నిన్న సాయంత్రం మరదలు ఆ కాగితం పంపించి ఫోన్ చేసింది, "వదినా, మిమ్మల్ని ఎప్పుడైనా ఏమైనా అడిగానా? ఒక్క సంతకం. ఆయన పేరు అచ్చులో ఉంటే పిల్ల చూసుకుంటుంది. ఆ పిట్ట వచ్చి కాదంటుందా ఏమన్నా?" ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వు ఆగాక ఫోన్ లో మరదలింటి గోడ గడియారం టిక్కుటిక్కుమనడం వినిపించింది. ఆలోచిస్తానమ్మా అంది ఆమె. ఆలోచించడానికేముంది, వదినా, అని మరదలు అనలేదు. అనకపోవడమే బరువుగా ఉంది.

గాలి లేదు. రెల్లు కదలడం లేదు. ఆ రోజు గాలి ఉంది, పడమటి నుంచి, కాగితం మీద రాసే ఉంది. మాటుగదిలో మాట్లాడకూడదు, వేలు పెట్టి చూపకూడదు, చీలిక దగ్గర చెయ్యి కదిలితే రెల్లుకి కళ్ళొస్తాయి అనేవాడు, అందుకని తనని తీసుకొచ్చిన మొదటి రోజే ఒక గుర్తు నేర్పాడు, మణికట్టు మీద చెయ్యి వేస్తే ఎలా ఉన్నదానివి అలా ఉండిపో, ఊపిరి కూడా వాయిదా వెయ్యి. ఆమె మంచి విద్యార్థిని, చెప్పింది చెప్పినట్టు చేయడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. రెండేళ్ళ కింద ఆ ఉదయం ఆమె ఫ్లాస్కు మూతలోకి టీ వంపుకుంటోంది, తల వంచుకుని ఉంది, అప్పుడు అతని చెయ్యి వచ్చి మణికట్టు మీద పడింది. ఆమె ఎలా ఉన్నది అలా ఉండిపోయింది. తల ఎత్తలేదు. మూతలో టీ మీద ఆవిరి మెలి తిరగడం చూస్తూ, అతని గోళ్ళ చుట్టూ ఎన్ని సబ్బులకీ పోని గ్రీజు నలుపు చూస్తూ, ఆ చెయ్యి సన్నగా వణకడం తన ఎముకలోకి రావడం వింటూ, ఒకటి, రెండు, మూడు, నాలుగు. చెయ్యి లేచింది. "చూశావా అక్కా?" ఆ గొంతులో ఏడేళ్ళ పిల్లాడున్నాడు. ఆమె తల ఎత్తి, "ఏది?" అంది.

"ఏదేంటే!"

"కదలొద్దన్నావు కదరా."

"కదలొద్దన్నాను గానీ, చూడొద్దన్నానా?"

అని నవ్వాడు, మాటుగదిలో నవ్వకూడదని తనే పెట్టిన నియమం తనే మరిచిపోయి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు, ఆమె కూడా నవ్వింది, టీ ఒలికి బల్ల మీద మరక పడింది. అంతవరకూ ఏ లోటూ లేదు. అయితే ఆ నవ్వుకి ముందు, "ఏది" అని అడగడానికీ అతను జవాబు చెప్పడానికీ మధ్య, ఆమె ఒకసారి బురద బాట వైపు చూసి, ఖాళీ బాటని చూసి, నీటికోడి అయ్యుంటుందిలే అనుకుంది. పైకి అనలేదు. అతను మాత్రం ఆమె మొహమే చూస్తున్నాడు, రెప్ప కదిలితే పిట్టని పట్టే కళ్ళు అవి, అక్క మొహంలో ఎగిరిన ఆ చిన్న అనుమానం వాటికి దొరక్కుండా ఉంటుందా. సాయంత్రం కాగితం తెచ్చి ముందు పెట్టాడు. పక్కనే ఉన్నావు కదక్కా. పక్కనుండటమూ చూడటమూ ఒకటేనట్రా. నా చెయ్యి నీ చేతి మీదే ఉంది. చేతిని చూశాను, పిట్టని చూడలేదు. అతను "సరే తల్లీ, మీ ఆఫీసు నా నెత్తికెక్కించకు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరవాత మళ్ళీ అడగలేదు. ఆమె కూడా మోకాళ్ళ నొప్పులని చెప్పి ఇటు రావడం మానేసింది. మోకాళ్ళు నొప్పి పెట్టిన మాట నిజమే, రాకపోవడానికి కారణం మాత్రం అది కాదు.

ఆఫీసు. ఇరవై ఎనిమిదేళ్ళు దస్తావేజులు రిజిస్టరు చేసే ఆఫీసులో అదే కిటికీ పక్కన అదే కుర్చీ, వచ్చిన ప్రతి సాక్షినీ అదే ప్రశ్న, మీ కళ్ళతో చూశారా, మీ ముందే చేశారా. జనం విసుక్కునేవాళ్ళు, ఈవిడ దగ్గర పడ్డామేమిటిరా అని వరసలో వెనక్కి జరిగేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆమె ఆ ప్రశ్న అడగలేదు, ఆకలి వేస్తోంది, ఇద్దరు మనుషులు సాక్షులమంటూ కింద మెట్ల దగ్గర నుంచి వచ్చి ముఖం కూడా ఎత్తకుండా సంతకాలు గీకి వెళ్ళిపోయారు, ఆమె ముద్ర కొట్టేసింది. నెల తరవాత ఒక ముసలావిడ వచ్చి, ఆ కాగితం మీదున్న వేలిముద్ర నాది కాదమ్మా అంది, మూడు రోజులు బయట బల్ల మీద కూర్చుంది, అరవలేదు, తిట్టలేదు, ఎవరైనా ఆ దారిన వెళితే బొటనవేలు ఎత్తి చూపించేది. ఆ వేలు ఆమెకి ఇప్పటికీ కనిపిస్తుంది. చూడనిదాన్ని చూశానని రాయడం ఎంత తేలికో, రాశాక దాన్ని కాదనడం ఎంత కష్టమో ఆ వేలు చెప్పింది. అయినా ఇదేమన్నా ఇల్లా, పొలమా, ఎవరి నోటి దగ్గర కూడు తీస్తుంది, ఒక పిట్ట, నాలుగు సెకన్లు, చచ్చిపోయిన మనిషి. సంతకం పెడితే ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. అదే భయంగా ఉంది. నష్టం లేని అబద్ధం కాబట్టి చేతులు వాటంతట అవే సంచి వైపు పోతున్నాయి.

చేతులు వెనక్కి తీసుకుని బల్ల మీద పెట్టుకుంది. ఏడూ పాతిక. అతను లిఫ్టులు బాగుచేసేవాడు, ఎత్తయిన మేడల లోపల చీకటి గోతుల్లో నిలబడి, పైనుంచి దిగే తాళ్ళ చప్పుడు విని, నాలుగో అంతస్తు చక్రం అరిగిందనో ఏడో అంతస్తు తలుపు బిగిసిందనో చెప్పేవాడు. చెవితో బతికిన మనిషి. ఒకసారి ఒక మేడలో ఏదో చిన్న టక్కుమనే చప్పుడు, ఎంత వెతికినా ఎక్కడిదో తెలియలేదు, తనిఖీ కాగితం మీద అన్నీ సరిగా ఉన్నాయని రాసివ్వమని మేనేజరు నిలదీస్తే, "చప్పుడు ఉంది, కారణం దొరకలేదు" అని రాసిచ్చాడు. లిఫ్టు మూడు వారాలు ఆగింది, మేడలో వాళ్ళంతా మెట్లెక్కుతూ అతన్ని తిట్టుకున్నారు, కారణం అప్పటికీ దొరకలేదు. ఇంటికొచ్చి చెప్పి, "నేనూ నీ తమ్ముణ్ణే కదే" అన్నాడు. ఆమె ఆ రోజు గర్వపడిందా? పడింది. చెప్పిందా? మెట్లెక్కేవాళ్ళ మోకాళ్ళ గురించి ఏదో జోకు వేసింది.

ఆసుపత్రిలో పదకొండు రోజులు. చివరి మంచం, కిటికీ లేదు. అన్ని గంటల్లో ఒక్కసారి కూడా పిట్ట మాట ఎత్తలేదు, ఇంట్లో వాషింగ్ మెషీన్ గొట్టం కారుతోందని, దానికి గుడ్డ చుట్టొద్దని, బిగించే పట్టీ రెండో సొరుగులో ఉందని చెప్పాడు, బయట లిఫ్టు తలుపు మూసుకున్నప్పుడల్లా ముఖం చిట్లించి, "ఎవడు బిగించాడో గానీ" అన్నాడు. నొప్పి ఉందారా అంటే లేదక్కా అన్నాడు, అంటూనే దుప్పటి అంచు పిడికిట్లో నలిపేశాడు. ఆమె ప్రతిరోజూ మంచం పక్కన కూర్చుని ఒకే మాట నోటిదాకా తెచ్చుకునేది, ఆ రోజు నువ్వు చూశావని నేను నమ్మాను రా. అనలేదు. అంటే నువ్వు పోతున్నావని చెప్పినట్టే అవుతుంది. ఇంకోటి కూడా ఉంది, అది నిజమా? నమ్మిందా? పోతున్నవాడికి ఊరట కోసం చెప్పే మాటా, నిజంగా లోపలున్న మాటా? ఇంత వయసొచ్చి తన మనసులో ఏముందో తనకే తెలియకపోతే మెట్ల దగ్గరి సాక్షులకీ తనకీ తేడా ఏముంది? ఆ తర్జనభర్జనలో పదకొండో రోజు అయిపోయింది.

అప్పుడు వినిపించింది. దువ్వెన పళ్ళ మీద రెండు గీతలు.

ఆమె ఊపిరి ఆగింది. మణికట్టు మీద ఎవరి చెయ్యీ లేదు, అయినా ఒళ్ళంతా బిగుసుకుపోయింది, ఈసారి మాత్రం తల ఎత్తే ఉంచింది. మళ్ళీ రెండు గీతలు, ఎడమ వైపు, ఇంత దగ్గరగా, బల్లకి అవతలే ఉన్నట్టు. గాలి లేకుండానే ఒక రెల్లు కాడ ఊగింది, దాని పక్కది ఊగింది, ఊగుతూ ఊగుతూ అది బాట అంచుకి వచ్చింది, వచ్చింది, కళ్ళు మండుతున్నా రెప్ప వేయలేదు, అదుగో, అంచున గోధుమ రంగు వీపు, దాని మీద సన్నటి చారలు, పైకెత్తిన మెడ, అదుగో నీ అద్దెకున్నాయన, గుండె ఎగిరి గొంతులోకి వచ్చింది, చూశాను రా, చూశాను. మరో క్షణం చూసింది. మెడ కదలలేదు. ఇంకో క్షణం. అది ఎండి విరిగిన రెల్లు మొదలు, దాని మీద కాడల నీడలు పడి చారలయ్యాయి. పిట్ట ఎప్పుడు ఎటు పోయిందో, గొంతు ఇప్పుడు దూరంగా, కుడి వైపున, బాట దాటకుండానే దాటిపోయినట్టు. ఆమెకి నవ్వు రాలేదు. విరిగిన రెల్లుకి మెడ, వీపు, చారలు అన్నీ తన కళ్ళే తగిలించాయి, ఒట్టు వేయమంటే వేసి ఉండేది, మూడు క్షణాల పాటు ఆమె నిజంగానే ఆ పిట్టని చూసింది.

ఆ విరిగిన మొదలునే చూస్తూ కూర్చుంది. ఒక్క గంటలో, ఒక్కసారి వచ్చినందుకు తన కళ్ళు ఇంత పని చేశాయి. అతను పదకొండేళ్ళు వచ్చాడు. ఈ బెంచీ మీద, ఇంతకన్నా ఎక్కువ ఆశతో, మంచి బైనాక్యులర్స్ తో కూర్చున్నాడు, అతని కళ్ళు ఎన్ని విరిగిన రెల్లులకి మెడలు తగిలించి ఉంటాయి, ఎన్ని నీటికోళ్ళకి చారలు పూసి ఉంటాయి, ఎన్నిసార్లు గుండె గొంతులోకి వచ్చి ఉంటుంది. పుస్తకంలో మాత్రం పదకొండేళ్ళూ ఒకే గడి నిండింది, విన్నది, విన్నది, విన్నది. ఆ ఒక్క ఉదయం తప్ప ఎప్పుడైనా చూశానన్నాడా? ఇంటికొచ్చి ఏరా అంటే, "ఉన్నాడు గానీ ఇంట్లో లేడట" అనేవాడు, అన్నం తినేవాడు. ప్రతిసారీ తన కళ్ళు ఇవ్వబోయినదాన్ని అక్కర్లేదని తిరగ్గొట్టిన మనిషి, ఒక్కరోజు మాత్రం పుచ్చుకున్నాడంటే... ఆమె ఆ వాక్యాన్ని లోపల పూర్తి చేయలేదు, పూర్తి చేయనక్కర్లేకపోయింది. రెండేళ్ళుగా ఛాతీలో అడ్డం పడినది ఏదో పక్కకి జరిగి దారి ఇచ్చింది. నమ్ముతోంది. ఊరట కోసం కాదు, అతను పోయాడని కాదు, అతని అక్కగా కూడా కాదు. ఆ సంగతి చెప్పడానికి మంచం లేదు, మనిషి లేడు, కాగితం ఒకటే ఉంది.

అయినా ఆ ఖాళీ తనది కాదు. అది చూసినవాళ్ళది. ఆ ఖాళీ గురించే ఆలోచిస్తూ కూర్చుంటే ఆఫీసుకి వచ్చిన రొట్టెలు కాల్చే ఒక ముసలాయన గుర్తొచ్చాడు, ఇల్లు కాలి కాగితాలన్నీ పోయాయి, తను తనేనని చెప్పడానికి ఆయన దగ్గర ఒక్క ముక్క లేదు. అలాంటివాళ్ళ కోసం ఆఫీసులో వేరే సాక్షులుంటారు, గుర్తింపు సాక్షులని. వాళ్ళు ఏ పనీ కళ్ళారా చూడనక్కర్లేదు, ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు, ఈ మనిషి ఎవరో నేనెరుగుదును అని రాసి సంతకం పెడితే చాలు. ఆయన కోసం ఇద్దరొచ్చారు, ఒక చాకలామె, ఒక తాళాలు చేసేవాడు, రాయడానికి తడబడుతుంటే ఆమే మాట అందించింది. వాళ్ళు వెళ్ళేటప్పుడు ముసలాయన కొత్తగా పుట్టినవాడిలా నిలబడ్డాడు.

ఆమె సంచిలోంచి కాగితం తీసి మడతలు విప్పింది. ఖాళీని అలాగే వదిలేసి, దాని కింద, అంచు దగ్గర, దస్తావేజు రాసినంత నెమ్మదిగా రాసింది: "నేను పక్కనే ఉన్నాను. పిట్టని చూడలేదు. చూసిన మనిషిని నలభై ఆరేళ్ళుగా ఎరుగుదును. అతను అబద్ధం ఆడడు." చివరి మాట దగ్గర కలం ఆగింది. నొప్పి ఉందారా. లేదక్కా. దుప్పటి అంచు. ఆమె ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాసింది: "పిట్టల విషయంలో అతను అబద్ధం ఆడడు." సంతకం పెట్టింది, తేదీ ఇవాళ్టిదే వేసింది. అప్పుడు కళ్ళ నీళ్ళు వచ్చాయి, అక్షరాల మీద పడకుండా కాగితం పక్కకి జరిపింది.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పళ్ళ డాక్టరు టోపీ తీస్తూ లోపలికొచ్చి, ఆమె మొహం చూసి, చూడనట్టు చీలిక వైపు తిరిగాడు. "పలికాడా?" అన్నాడు గుసగుసగా.

"రెండుసార్లు. ఎడమ నుంచి కుడికి పోయాడు. కనపడలేదు."

"మనకి కనపడతాడామ్మా! నా కుర్చీలో కూర్చోబెడితే వాడి పళ్ళు లెక్కెట్టేవాణ్ణి." అని తనలో తాను నవ్వి, చెయ్యి చాపాడు. ఆమె కాగితం ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, కొట్టేసిన వాక్యం దగ్గర ఆగి వేలు ఆనించి మళ్ళీ చదివాడు.

"ఇది రెండో సంతకం కాదమ్మా."

"కాదు డాక్టరుగారూ."

"చూసింది అనే గడిలో వేయలేను. నిబంధన నేనే పెట్టాను, నేనే తప్పితే రేపు ఎవడి మాట..."

"వేయొద్దు. ఆ ఖాళీ అలాగే ఉండనివ్వండి. ఇది దాని కింద ఉంటే చాలు. వేరే సంగతి ఇది, మా ఆఫీసులో దీన్ని గుర్తింపు అంటారు." ఆమె గొంతు నిలకడగానే ఉంది. "ఒకటే చిక్కు. దీనికి ఒక్కరు చాలరు. ఎరిగినవాళ్ళు ఇద్దరుండాలి."

ఆయన కాగితం వైపు చూశాడు, బయట రెల్లు వైపు చూశాడు. "నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా నొప్పి ఉంటే లేదంటారు," అన్నాడు, "పీకేస్తానని భయం. మీ తమ్ముడూ అంతే." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, ఎంతసేపు తుడిచినా అది మసకబారుతూనే ఉంది. తరవాత ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని, జేబులు తడుముకుని, కలం దొరక్క ఆమె కలం అడిగి తీసుకున్నాడు.

"ఎక్కడ పెట్టమంటారు?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎందరికో చూపించినట్టే ఆమె కాగితాన్ని ఆయన వైపు తిప్పి, తన పేరు కింద వేలు ఆనించి చూపించింది.

"ఇక్కడ."